ఆమె పేరుతో కదిలిన గీత

ఉప్మాకు ఎసరు పెట్టి, అత్తగారి కాఫీ గ్లాసు కడుగుతుండగా హేమశ్రీకి మాచర్ల నుంచి మాబున్నీసా ఫోన్ చేసింది. పలకరింపు లేదు. ఆ వాక్యం ఎందుకు తీసేశావు, వద్దనుకుంటే నాతో ఒక మాట అనొచ్చు గదా అంది. ఏ వాక్యమో హేమశ్రీకి అర్థం కాలేదు. ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని రవ్వ పోస్తూ, నేనేం తియ్యలేదే అంది. నీ పేరే చూపిస్తోందని చెప్పి మాబున్నీసా ఫోన్ పెట్టేసింది. ఉప్మా ఉండలు కట్టింది. భర్త సుధీర్ బాబు పళ్లెం పక్కకు జరిపి, పొద్దున్నే ఫోన్లు పెట్టుకుంటే ఇట్టాగే తగలడుద్ది అన్నాడు. అతను వదిలేసింది తనే గబగబా తిని, డబ్బాలు సర్ది, అత్తగారి మాత్రలు మంచం పక్కన పెట్టి, హేమశ్రీ నరసరావుపేట బస్టాండుకి పరిగెత్తింది.

నాదెండ్ల వైపు ఒక హైస్కూల్లో ఆమె జీవశాస్త్రం టీచరు. మాచర్లలో మాబున్నీసా చెప్పేదీ అదే. బి.ఇడి. హాస్టల్లో ఒకే గదిలో ఉన్నవాళ్లు, పెళ్లిళ్లయ్యాక చెరో ఊళ్లో పడ్డారు. పదో తరగతి ఆడపిల్లలు నోరు తెరిచి అడగలేని సంగతులన్నీ అడిగించి, వాటికి జవాబులు రాసి చిన్న పుస్తకం చెయ్యాలన్నది మాబున్నీసా ఆలోచన. టీచర్ల సంఘం అచ్చు వేస్తానంది. వీళ్లు కలిసి కూర్చునే వీలెక్కడ? ఇద్దరూ షేర్ చేసుకున్న ఒక డాక్యుమెంటులో రాయడం మొదలుపెట్టారు. ఇక్కడ కుక్కర్ కూత కోసం చూస్తూ హేమశ్రీ రెండు వాక్యాలు రాస్తే, అక్కడ బట్టలు ఆరేసి వచ్చి మాబున్నీసా ఒకటి దిద్దేది. మాబున్నీసా పేరు మోసుకుంటూ తెర మీదికి సన్నటి ఆకుపచ్చ గీత ఒకటి వచ్చి తన వాక్యం పక్కన నిలబడితే, ఎవరో వచ్చి వంటింటి గడప మీద కూర్చున్నట్టు ఉండేది హేమశ్రీకి. ఆ పేజీలో ఆమెను మంచినీళ్లు అడిగేవాళ్లు లేరు. అక్కడ ఆమె ఎవరికీ కోడలు కాదు. ఏమే ఫోన్లో ఏం రాస్తావే అంతసేపు అని అత్తగారు బాలసరస్వతి అడిగితే, స్కూలు పని అత్తయ్యా అనేది. అది అబద్ధమేం కాదు. కానీ అంత సంతోషాన్ని స్కూలు పని అన్నందుకు ఆమెకే ఎలాగో ఉండేది.

బస్సులో సీటు దొరికాక డాక్యుమెంటు తెరిచింది. మనకు ఇష్టం లేనప్పుడు ముట్టుకోవద్దని ఎవరెవరికి చెప్పొచ్చు టీచర్, అని ఒక పిల్ల అడిగింది. దానికి మాబున్నీసా రాసిన జవాబు పొట్టిది. "ఎవరికైనా చెప్పొచ్చు. బంధువులకు చెప్పొచ్చు, టీచర్లకు చెప్పొచ్చు. పెళ్లయిన తర్వాత భర్తకు కూడా చెప్పొచ్చు." ఇప్పుడు చివరి వాక్యం లేదు. మార్పుల వివరం నొక్కి చూస్తే, నిన్న మధ్యాహ్నం, హేమశ్రీ అని ఉంది. నిన్న మధ్యాహ్నం తను తొమ్మిదో తరగతిలో గుండె బొమ్మ గీస్తోంది.

చెయ్యి తగిలి పోయిందేమో అనుకుంది. ఆ వాక్యం మొదటిసారి చదివిన రోజు ఫోన్ బోర్లా పెట్టేసి పప్పు కడగడానికి వెళ్లిపోయింది తను. కడిగిన పప్పే మళ్లీ కడిగింది. జ్వరంగా ఉందండీ అని ఒక రాత్రి తను అంటే సుధీర్ బాబు, "దానికీ దీనికీ ఏంది సంబంధం" అన్నాడు. కొట్టలేదు, తిట్టలేదు, నవ్వుతూనే అన్నాడు. అందుకే ఎవరికీ చెప్పుకునేంత విషయంగా అది ఎప్పుడూ కనపడలేదు. ఆ వాక్యం ఎదురుగా కనపడుతుంటే నొప్పిగా ఉండి, తనకే తెలియకుండా తనే చెరిపేసిందా? బస్సు దిగేదాకా ఆ అనుమానం ఆమెను వదల్లేదు. దిగేముందు వాక్యాన్ని మళ్లీ టైపు చేసింది.

మర్నాటికి మళ్లీ లేదు. ఈసారి మాబున్నీసా ఫోన్ చెయ్యలేదు. మెసేజ్ పెట్టింది. "నీకు ఇబ్బందిగా ఉంటే చెప్పు హేమా. పుస్తకం మీద నీ పేరు తీసేద్దాం. ఆ వాక్యం మాత్రం నేను తియ్యను." స్టాఫ్ రూములో కూర్చుని అది చదివితే హేమశ్రీకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. జవాబు ఏం రాయాలో తోచక, ఖాళీ పీరియడ్‌లో కంప్యూటర్ గదికి వెళ్లి పెద్ద తెర మీద డాక్యుమెంటు తెరిచింది. వాక్యం మళ్లీ రాసింది. రాసి, చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చుంది.

కాసేపటికి తెర మీదికి వంకాయ రంగు గీత ఒకటి వచ్చింది. దాని నెత్తిన హేమశ్రీ అని ఉంది.

ఆమె చేతులు ఒళ్లోనే ఉన్నాయి. ఆమె పేరున్న గీత మాత్రం కిందికి జరిగి, ఆ వాక్యం చివర ఆగింది. ఒక్కొక్క అక్షరాన్నీ వెనక్కి తింటూ పోయింది. తర్వాత ఆ ఖాళీలో నెమ్మదిగా, అలవాటు లేని వేళ్లతో కొట్టినట్టు, అక్షరాలు పడ్డాయి. "ఇటువంటి విషయాల్లో పెద్దల మాట వినాలి."

అది ఎవరో ఆమెకు తెలిసిపోయింది. ఇంట్లో ఏ చర్చ అయినా సుధీర్ బాబు ముగించేది ఆ మాటతోనే. అతని ఎరువుల కొట్లో ప్రింటర్ మీద ప్రశ్నపత్రాలు తీసుకుంటానని అక్కడి కంప్యూటర్లో తన మెయిల్ తెరిచింది తనే. వచ్చేటప్పుడు మూసేస్తానంటే, నేను చూసుకుంటాలే, నువ్వెళ్లి అమ్మకు టిఫిన్ చూడు అన్నాడు. అప్పుడది ఆదరంగా వినిపించింది. తనను తను అనుమానించుకున్న ఆ బస్సు ప్రయాణం గుర్తొచ్చింది. నోరు మూయించడం ఆమెకు కొత్త కాదు. ఆమె నోటితోనే ఇంకొకరు మాట్లాడటం కొత్త.

స్కూలు వదిలాక తిన్నగా ఎరువుల కొట్టుకు వెళ్లింది. ఊళ్లో రాజకీయాలు నడిపే అమరేశ్వరరావు గారు కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నారు. గల్లా పక్కన కంప్యూటర్లో ఆ పేజీ తెరిచే ఉంది, వచ్చేపోయే వాళ్లందరికీ కనపడేట్టు. సుధీర్ బాబు దాచలేదు, తడబడలేదు. "నీ మంచికే సరిజేశా. దాని మీద మన ఇంటిపేరు ఉంటది, రేపు నలుగురూ నన్ను అడుగుతారు" అన్నాడు. టీచరమ్మా, ఆయన దిద్దితే భాష బాగుంటదిలే అని అమరేశ్వరరావు గారు నవ్వారు. హేమశ్రీ మెట్లు దిగింది. అక్కడ అరిస్తే, ఎరువుల కొట్టోడి పెళ్లాం బజార్లో అరిచిందన్న మాటే మిగులుతుంది, ఆ వాక్యం మిగలదు.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే మెట్టు మీద కూర్చుని, తన మెయిల్ ఎక్కడెక్కడ తెరిచి ఉందో అన్ని చోట్లా మూయించింది. పాస్‌వర్డ్ మార్చింది. అతను రాసింది చెరిపి, మాబున్నీసా వాక్యాన్ని తిరిగి పెట్టింది. తర్వాత మాబున్నీసాకు ఫోన్ చేసి, తీసింది మా ఆయనేనని జరిగిందంతా చెప్పింది. "నేను నిన్నే అనుకున్నా హేమా. నాకూ తట్టలేదు చూడు" అంది మాబున్నీసా. మరి ఇంట్లో ఎట్లా అని అడిగింది. తెలియదు అంది హేమశ్రీ.

దీపాలు పెట్టే వేళకు సుధీర్ బాబు మామూలు కంటే ముందే కొట్టు కట్టేసి వచ్చాడు. కాళ్లు కూడా కడుక్కోలేదు. "లాగిన్ కావట్లా. ఏంది కొత్త పాస్‌వర్డ్?" అన్నాడు. హేమశ్రీ చిక్కుడుకాయలు వలుస్తోంది. చెప్పనండి అంది. మెల్లగానే అంది. అతనికి వినపడలేదేమో అన్నట్టు మళ్లీ అడిగాడు. ఆమె మళ్లీ అదే అంది. మంచం మీద నుంచి బాలసరస్వతి అందుకుంది. మొగుడికి చెప్పని మాటలు ఇంకెవరికి చెబుతావే, మేమెప్పుడన్నా ఇట్టా ఎదురు చెప్పామా అంది.

"పిల్లల్ని చెడగొట్టే రాతలమ్మా" అన్నాడు సుధీర్ బాబు. "టీచర్లంట. సిగ్గుండాల."

"మీ భయం పిల్లలు చదువుతారని కాదు" అంది హేమశ్రీ. చేతిలో చిక్కుడుకాయ పక్కన పెట్టి అతని ముఖంలోకి చూసింది. "నేను చదివానని."

అతను తల్లి వైపు చూసి, తువ్వాలు లాక్కుని పెరట్లోకి పోయాడు. బకెట్ గట్టిగా పెట్టిన చప్పుడైంది. బాలసరస్వతి లేచి కూర్చుంది. ఇంత రభసకు అంత ఏం రాశారే అందులో అని అడిగింది. హేమశ్రీ చేతులు తుడుచుకుని, ఫోన్ తీసి, పిల్ల అడిగిన ప్రశ్నా, దాని కింద జవాబూ చివరిదాకా చదివి వినిపించింది. తిట్ల కోసం సిద్ధపడి తల ఎత్తింది.

ముసలామె కోడలి వైపు చూడటం లేదు. పెరటి తలుపు వైపు చూస్తోంది. లేచి వెళ్లి ఆ తలుపు దగ్గరగా వేసి వచ్చింది. మంచం అంచున కూర్చుని, గొంతు తగ్గించి, "ఆ చివరి ముక్క మళ్లా చదువు" అంది.