చెరిపేసిన చేతులు

మూడో డిజైను కూడా తిరిగొచ్చింది. మధ్యాహ్నానికల్లా ముఖచిత్రం ప్రెస్సుకు వెళ్ళాలి. పొద్దుటినుంచీ ఆమె కుర్చీలోంచి లేవలేదు.

ఆ వారపత్రికలో ఆమెను అందరూ ‘ముఖచిత్రం’ అనే పిలుస్తారు. ఏళ్ళ తరబడి అట్టలు చేసీ చేసీ ఆ పిలుపే పేరైపోయింది. ఆఫీసులో పని గురించి తప్ప ఆమెతో ఎవరూ మాట్లాడరు. అద్దెగదికి వెళ్తే ఆ మాటలు కూడా ఉండవు.

కంప్యూటర్ తెర మీది ఫొటోలో, మిల్లు పైకప్పు కూలి భర్తను పోగొట్టుకున్న ఆడమనిషి ఉంది. మిల్లు గేటు ముందు కూలబడింది. చుట్టూ తోటి పనివాళ్ళు. ఒకావిడ ఆమె భుజాలు పొదివి పట్టుకుంది. ఇంకొకామె వీపు నిమురుతోంది. వెనక నిలబడ్డవాళ్ళు ఏదో అరుస్తున్నారు.

“ఇంతమంది ఎందుకమ్మా?” అన్నాడు సంపాదకుడు, ఆమె వెనక నిలబడి. “కొట్టు ముందు నడిచిపోయేవాడు ఒక్క చూపు చూస్తాడు. ఆ చూపులో ఒక్క మొహమే పడాలి. మిగతావాళ్ళని తీసెయ్. కళ్ళు కాస్త పెద్దవి చెయ్.”

“వాళ్ళందరూ కలిసి పరిహారం అడుగుతున్నారు సార్. అందుకే...”

“గుంపును చూస్తే జనం తప్పుకుపోతారు. ఒంటరిదాన్ని చూస్తే ఆగుతారు.”

తనను చూసి ఎవరైనా ఆగినట్టు ఆమెకు గుర్తు లేదు.

చేతులు చెరపడం కష్టమైంది. వేళ్ళు నొక్కినచోట భుజం మీద బట్ట ముడతలు పడింది. ఆ ముడతల్ని కూడా సాపు చేసింది. వెనకంతా నలుపు నింపింది.

“అదీ!” అన్నాడు సంపాదకుడు.

ఆ సంచిక కొట్లలో నిలవలేదు. మళ్ళీ అచ్చు వేశారు.

మరుసటి వారం మిల్లు మనిషి పత్రిక చంకలో పెట్టుకుని ఆఫీసుకు వచ్చింది. బొమ్మ చేసిందెవరని అడిగితే అందరూ ముఖచిత్రం వైపు చూపించారు.

“మావాళ్ళంతా ఏరమ్మా?” ఆ గొంతులో కోపం లేదు. “నన్ను పట్టుకున్నది మా వదిన. ఆవిడ కొడుకూ ఆ కప్పు కిందే పోయాడు. ఈ అట్ట చూసి మిల్లు యజమాని నాకొక్కదానికే సాయం చేస్తానన్నాడు. వద్దన్నాను. అయినా వాళ్ళు నమ్మట్లేదు. బొమ్మలోంచి నేనే వాళ్ళని తీయించేశానంటున్నారు. గేటు దగ్గర నా పక్కన ఎవరూ కూర్చోవట్లేదు. వదిన కూడా.”

ముఖచిత్రం తన కుర్చీ ఆమె వైపు జరిపింది. ఈలోగా సంపాదకుడు గదిలోంచి వచ్చాడు.

“మంచి టైముకొచ్చావమ్మా! పాఠకులంతా నీ గురించే అడుగుతున్నారు. అలా కిటికీ దగ్గర నిలబడు, ఫొటో తీస్తారు.” ముఖచిత్రం వైపు తిరిగాడు. “ఈసారీ ఒక్కతే ఉండాలి. సాయంత్రానికి అట్ట ఇచ్చెయ్.”

“చెయ్యను సార్.”

గొంతు తనకే సరిగ్గా వినపడలేదు. మళ్ళీ అంది. “నేను చెయ్యను.”

చుట్టూ పనులు ఆగాయి. కానీ ఎవరూ తలెత్తలేదు.

“నువ్వు చెయ్యకపోతే అట్ట ఆగిపోతుందనుకున్నావా?”

“ఆగదని తెలుసు.”

సంచీ భుజానికి తగిలించుకుని, మిల్లు మనిషితో కలిసి బయటికి నడిచింది.

మిల్లు గేటు ముందు ఆడవాళ్ళు వరసలుగా కూర్చుని ఉన్నారు. ఫొటోలో భుజాలు పట్టుకున్న వదిన మొదటి వరసలో ఉంది. ముఖచిత్రం ఆవిడ ముందు నిలబడింది.

“మీ అందర్నీ చెరిపింది నేను. ఈమెకేం తెలీదు.”

వదిన ఆమెను ఎగాదిగా చూసింది.

“చెరపమంటే చెరిపేశావా?”

అవునన్నట్టు ముఖచిత్రం తలూపింది. వెనక వరసలోంచి నినాదం లేచింది. వదిన గేటు వైపు తిరిగి గొంతు కలిపింది. కూర్చోవడానికి చోటెక్కడైనా ఉందేమోనని చూస్తూ, ముఖచిత్రమూ మిల్లు మనిషీ ఎండలో అలాగే నిలబడ్డారు.