యాభై దాటని మగవాళ్ళు

ఏటా ఆత్మల పండుగకు ముందురోజు సమాధులకు సున్నం కొట్టి, పేర్ల మీద మళ్ళీ నల్లరంగు దిద్దడం క్రోసూరు పక్కనున్న ఒక పల్లెలోని కతోలిక కుటుంబాల ఆనవాయితీ. బాలశౌరి ఇంట్లో ఆ పని కూతురు సారమ్మది. ఎనిమిదో తరగతి దాకా చదివింది, అక్షరం కుదురుగా రాస్తుంది. పందొమ్మిది వందల అరవై రెండులో, ఎప్పటిలాగే దిద్దుతూ పోతుంటే వయసుల దగ్గర ఆమె కుంచె ఆగింది. తాతకు నలభై తొమ్మిది. పెదనాన్నకు నలభై ఏడు. చిన్నాన్నకు నలభై నాలుగు. ముగ్గురూ రొమ్ము పట్టుకుని కూలినవాళ్ళే. నాయనకు ఇప్పుడు నలభై ఆరు.

ఇంట్లో దానికి ఎప్పుడో ఒక పేరు పెట్టేశారు, వాయువని. రొమ్ములో పట్టేస్తే బెల్లం పానకంలో వాము కలిపి తాగించేవారు. ఈమధ్య గట్టెక్కితే చాలు బాలశౌరికి ఆయాసం వస్తోంది. రోజుకు రెండు చెంబులు అదే తాగుతున్నాడు.

సారమ్మకు వాయువన్న మాట మింగుడుపడలేదు. వేరుశనగకాయలు వలిచే నెపంతో పెద్దమ్మ దగ్గర కూచుంది. పెదనాన్న ఎలా పోయాడని అడగలేదు, పోయేముందు ఏడాది ఎలా ఉండేవాడని అడిగింది. పెద్దమ్మ వలవడం ఆపి ఆలోచించింది.

"దప్పికే దప్పికమ్మా. కుండెడు నీళ్ళు తాగేవాడు. ఒంటికి పోయిన చోట చీమలు బారు కట్టేయి. మీ చిన్నాన్నదీ అంతే. మీ ఇంటి మగోళ్ళు చానా తియ్యనోళ్ళే అని ఎగతాళి చేసేవాళ్ళం."

ఆ తర్వాత మూడు రోజులు గడ్డివామి వెనక రాతిగోడను సారమ్మ గమనిస్తూనే ఉంది. నాయన వెళ్ళొచ్చిన చోటికి, పొద్దెక్కేసరికి, గోడ సందుల్లోంచి చీమలు బారులు తీరాయి.

డాక్టరుకు చూపించుకోమని చెబితే బాలశౌరి కొట్టిపారేశాడు. మా నాయన పోయినట్టే నేనూ పోతాను, రక్తంలో ఉన్నదాన్ని డాక్టరు కడుగుతాడా అన్నాడు. సారమ్మ వాదించలేదు.

"ఆ రక్తం నాది గూడా గదా నాయనా. నన్నన్నా చూపించు."

మర్నాడు ఇద్దరూ నరసరావుపేట బస్సెక్కారు.

డాక్టరు ముందు బాలశౌరినే చూశాడు. గాజుగొట్టంలో నీలిమందు పోసి, మూత్రం చుక్కలు వేసి, స్పిరిట్ దీపం మీద కాచాడు. నీలం ఆకుపచ్చయింది, పసుపయింది, చివరకు ఇటుకరంగుకు దిగింది. సారమ్మ రెప్ప వాల్చలేదు. చేతికి పట్టీ చుట్టి రక్తపోటు కూడా చూశాక, చక్కెర జబ్బూ, పోటూ రెండూ ఉన్నాయన్నాడు డాక్టరు. అవి గుండెకు రక్తం పోయే దారుల్ని లోలోపలే పూడుస్తాయట. వంశంలో ఉన్నవాళ్ళకు ఆ ముప్పు ఇంకా ఎక్కువట. వంశాన్ని మార్చలేం గానీ, తక్కిన రెంటినీ అదుపులో పెట్టొచ్చట. పానకం సంగతి సారమ్మ చెప్పగానే కలం కింద పెట్టేశాడు.

"ఏమయ్యా, మంట మీద కిరసనాయిలు పోస్తున్నావే."

బాలశౌరి చలించలేదు. "నా సంగతి అట్టుంచండి. మా పిల్లది చూడండి."

రెండో గొట్టం దీపం మీదికి వెళ్ళగానే మాత్రం బల్ల మీంచి లేచాడు. కండువా కొస పిడికిట్లో నలుపుతూ ముందుకు వంగాడు. మందు వేడెక్కింది, బుడగలు లేచాయి, మరిగింది. నీలం నీలంగానే ఉంది.

డాక్టరు దీపం ఆర్పాడు. ఇప్పటికి ఏమీ లేదు, అయినా ఏడాదికోసారి తీసుకొచ్చి చూపించాలన్నాడు. బాలశౌరి మెల్లగా మళ్ళీ కూచున్నాడు.

"ఏడాదికోసారి తీసుకురావాలంటే నేనుండాలి గదండీ," అన్నాడు. "ఏమేం తినగూడదో చెప్పండి."