చంద్రుడి గనిలో ఆఖరి అధ్యాయం

గోదావరిఖని చౌరస్తా దగ్గరి డీటీపీ సెంటర్లో సంతోషి పెళ్లిపత్రికలు, షాపుల కరపత్రాలు కొట్టేది. నవల కొట్టడం అదే మొదటిసారి. రాసింది గోపాలరావు. కోస్తా నుంచి వచ్చి, గనుల్లో సర్వేయరుగా చేసి రిటైరైన మనిషి. చేతిరాతలో రెండొందల పన్నెండు పేజీలు.

కథ చంద్రుడి మీది గనిలో జరుగుతుంది. పైకప్పు కూలి పద్నాలుగు మంది లోపల చిక్కుకుంటారు. మూడో రోజు, మనిషన్నవాడు ఎన్నడూ తవ్వని వైపు నుంచి గోడ మీద ఎవరో తట్టడం మొదలుపెడతారు. అక్కడి నుంచి సంతోషికి కీబోర్డు వదలబుద్ధి కాలేదు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పడం కూడా మర్చిపోయింది.

ఆఖరి నాలుగు పేజీలు కొట్టి ఆగిపోయింది. ఎక్కడి నుంచో ఒక నౌక దిగి అందరినీ పైకి లాగేసింది. అందరూ కావలించుకున్నారు. శుభం. తట్టింది ఎవరన్న మాటే లేదు. కాగితం ఏదైనా తప్పిపోయిందేమోనని కట్టంతా తిరగేసింది. నంబర్లు సరిగ్గానే ఉన్నాయి.

ప్రూఫుల కోసం గోపాలరావు రాగానే అడిగింది.

"సార్, అవతల తట్టింది ఎవరు?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నాకూ తెలీదమ్మాయ్. రాస్తూ పోతే తెలుస్తుందనుకున్నాను. తెలీలేదు. అందుకే నౌక దింపేశాను."

నవ్వాలో జాలిపడాలో సంతోషికి అర్థం కాలేదు.

ఇంటికెళ్లి, గని డ్యూటీ దిగి వచ్చి అన్నం తింటున్న తండ్రి సదయ్యకు కథంతా చెప్పింది. ఆయన ముద్ద ఆపి విన్నాడు.

"మరి లోపటోళ్లు మళ్ల తట్టలేదా?"

"లేదు బాపు. భయపడి దూరం జరిగిన్రు."

"గదేంది బిడ్డా! గని బాయిల అవతల చప్పుడైతే మనం తిరిగి కొడ్తం. ఎవడన్నది తర్వాత సంగతి. మీ సారు ఎన్నడన్న బాయిల దిగిండా?"

సంతోషి ఆ మాట గోపాలరావుకు ఫోన్లో చెప్పింది. "ముప్పై ఏళ్లు దిగాను," అన్నాడాయన. "అయినా నాకది తట్టలేదు చూడు."

పది రోజులకు మూడు ముగింపులు పట్టుకొచ్చాడు. ఒకదాంట్లో గనివాళ్లు తిరిగి తడతారు, కథ అక్కడే ఆగుతుంది. రెండోదాంట్లో గోడ కూలితే, అవతల వీళ్లలాగే చిక్కుకున్న వేరే లోకపు కూలీలు. మూడోది పాత నౌకే, కాస్త ఆలస్యంగా వస్తుంది.

"ఏది బాగుందో నాకు తెలియడం లేదు. నువ్వే ఒకటి పెట్టు."

"నేనెట్ల పెడ్త సార్? రాసింది మీరు గద!"

"చదివింది నువ్వు."

చదువుతున్నంతసేపూ ప్రతిదీ బాగుంది. కాగితం కింద పెట్టగానే ప్రతిదీ తప్పనిపించింది. ప్రెస్సువాళ్లు తొందరపెడితే, ఎందుకో తనకే తెలియకుండా, రెండోది పంపేసింది.

పెద్దపల్లిలో పుస్తకం మీద సభ పెట్టారు. జమున అనే టీచరు లేచి, "రెండొందల పేజీలు ఊపిరి బిగబట్టి చదివిన సార్. ఆఖరికొచ్చేసరికి ఎందుకో సప్పగైపోయింది," అంది. గోపాలరావు తలూపాడు. వెనక వరసలో సంతోషి ముఖం వేడెక్కింది.

బస్టాండులో అడిగింది. "మిగిలిన రెండిట్ల ఒకటి పెడ్తె ఆమెకు నచ్చునా సార్?"

"అదే ఆలోచిస్తున్నాను."

బస్సులో ఆయన మొదటిదన్నాడు, ఆమె మూడోదంది. సగం దూరం పోయేసరికి ఆమె మొదటిదంది, ఆయన మూడోదన్నాడు. గోదావరిఖనిలో దిగేటప్పటికి ఇద్దరికీ ఏమీ తేలలేదు.