పద్మలత కూర్చునే వైపు

పానిపట్‌లో కాకులుంటాయా, ఉంటాయిలే, కాకుల్లేని ఊరు ఎక్కడుంటుంది, అయినా పెళ్ళాన్నీ పిల్లనూ తీసుకుని పోవాలా వద్దా అని తేల్చుకోవలసిన పొద్దున కాకుల సంగతి దేనికి, అని భానుచందర్ తనను తానే విసుక్కుని ఎర్రనూలు కండెను పడుగు పోగుల మధ్య నుంచి ఎడమవైపుకు పంపాడు, అటు నుంచి పద్మలత చెయ్యి దాన్ని అందుకుంది, చూడకుండానే అందుకుంది, పెళ్ళయినప్పటి నుంచీ అలాగే అందుకుంటోంది, ఇద్దరూ దువ్వెనల్లాంటి ఇనుప పంజాలు ఎత్తి వేసిన పోగును వెనకటి వరసకు ఆనేలా కొట్టారు, అతని వైపు అతను, ఆమె వైపు ఆమె, మగ్గం ఒకటే, చెక్కబల్ల ఒకటే, కొత్తవాడలో నేల మీద పరిచే వెడల్పు దర్రీ అంటే ఎప్పుడూ ఇద్దరి పనే, ఒక్కడు కూర్చుని రెండువైపులా చేతులు చాచలేడు, టక్ టక్, బయట ఎనుమాముల మార్కెట్టుకు పోతున్న మిర్చి బస్తాల ట్రాలీ ఒకటి సందులో ఇరుక్కుని హారన్ కొడుతోంది, ఆ ఘాటుకు ఎవరో తుమ్ముతున్నారు, మధ్యాహ్నం అన్నాల వేళకు రాంప్రసాద్ ఫోన్ చేస్తాడు, వస్తానో రానో అప్పుడు చెప్పాలి, వస్తానంటే ఈ నెల దాటకుండా కాజీపేటలో రైలెక్కాలి, రానంటే కంపెనీవాళ్ళు ఇంకొకణ్ణి చూసుకుంటారు, వాళ్ళకేం, నేసేవాళ్ళకు కరువా, నేయించేవాళ్ళకే కరువు, అదీ ఈ వాడ తిప్పలు, మళ్ళీ పోగు, మళ్ళీ పంజా, టక్ టక్.

రాంప్రసాద్ కూడా ఒకప్పుడు ఇదే వాడలో నూలు మోసినవాడే, ఇప్పుడు పానిపట్‌లో దర్రీల కంపెనీలో పెద్ద మనిషి, ఫోన్‌లో అతని గొంతుకు కూడా ఏసీ పెట్టినట్టు ఉంటుంది, అరె భానూ, నువ్వు పంపిన పీస్ చూసి మా సార్లు మస్తు ఖుషీ అయిన్రు, ఇక్కడ నువ్వు మగ్గం మీద కూసునుడు కాదురా, మగ్గాల నడుమ తిరుగుడు, నీకు కుర్సీ ఉంటది, ఫ్యామిలీకి క్వార్టర్ ఇస్తరు, భాభీకి సుత ఈ గొడ్డుచాకిరి తప్పుతది, ఇంకేం గావాలె, నిజమే ఇంకేం కావాలి, భానుచందర్ అందరినీ అడిగి చూశాడు, చాయ్ హోటల్ దగ్గర అడిగాడు, నూలుకు రంగులు వేసేవాళ్ళను అడిగాడు, అందరూ పొమ్మన్నవాళ్ళే, ఉండరా అన్నవాడు ఒక్కడు లేడు, ఎదురింటి కట్టయ్య పెదనాయన అయితే ఇంకో మాట లేకుండా, పోరా, నేను పోకనే గిట్లున్న, నా మగ్గం ఇప్పుడు ఏడున్నదో ఎరికేనా, మేకల దొడ్డికి తడకైంది, మేకలకన్న అక్కరకొచ్చింది నయం, అని తన మాటకు తనే పగలబడి నవ్వాడు, నవ్వి నవ్వి దగ్గాడు, ఎనిమిదో తరగతి చదివే మానస అప్పుడే ఫోన్‌లో పానిపట్ బజార్లన్నీ తిరిగొచ్చింది, డాడీ, అక్కడ చలికాలం మాట్లాడితే నోట్లకెళ్లి పొగొస్తదట, నాకు ఊలు టోపీ కొనాలె, ఎర్రది, అంటూ ఇల్లంతా ఎగురుతోంది, దానికి ఊరు మారడం అంటే టోపీ, కట్టయ్యకు మేకలు, రాంప్రసాద్‌కు కుర్చీ, ఎవరి మాట వాళ్ళదే, మరి తనకు ఏమిటి అని చూసుకుంటే భానుచందర్‌కు లోపల ఏమీ తగల్లేదు, సంతోషమూ లేదు, భయమూ లేదు, ఎవరో పక్కింటివాళ్ళు సామాన్లు సర్దుకుంటుంటే గోడ మీద నుంచి చూస్తున్నట్టుంది, అలా ఉండటం మంచిదేనేమో, ఇలాంటి సంగతులు చల్లగా ఆలోచించే తేల్చుకోవాలని పేపర్లో రాస్తుంటారు గదా.

కానీ దర్రీ వంకర పోతోంది. కండె అందుకోబోతూ చూశాడు, ఎర్రపట్టీ పైనున్న నేత అంచు నీటిమట్టంలా తిన్నగా ఉండాలి, లేదు, తన వైపు ముందుకు జరిగి ఉంది, ఆమె వైపు వెనక ఉంది, వేసిన పోగులు ఇద్దరివీ ఒకటే, అంటే ఆమె ఎక్కువ గట్టిగా కొడుతోందన్నమాట, కొట్టి కొట్టి అణగదొక్కుతోంది, కోపం, ఇంకేముంటుంది, పద్మలత కోపం నోటిలో ఉండదు, చేతిలో ఉంటుంది, వాళ్ళ తమ్ముడి పెళ్ళికి మూడు రోజులు ముందే పోదామని ఆమె, పెళ్ళినాడు పోతే చాలని తను, ఆ పంతంలో నేసిన దర్రీ ఎంత గట్టిగా వచ్చిందంటే నిలబెడితే తలుపులా నిలబడింది, సరుకు కొనే సేటు వేళ్ళతో తట్టి చూసి ఇది పరుచుకునేదా బిగించుకునేదా అన్నాడు, ఆ రోజు ఇద్దరూ తిరుగు బస్సు దిగేదాకా నవ్వుకున్నారు, ఇప్పుడు మాత్రం నవ్వు లేదు, పోట్లాటా లేదు, అదే విచిత్రం, రాంప్రసాద్ మొదటిసారి ఫోన్ చేసిన సాయంత్రం అన్నం ముందు కూర్చుని, పానిపట్‌ల నౌకరి వచ్చింది, క్వార్టర్ ఇస్తరట, పోదామనుకుంటాన, అని చెప్తే పద్మలత కూర గిన్నె మీద మూత పెడుతూ, అక్కడ నాకేం పని, అంది, అంతే, అతనికి ముచ్చటేసింది కూడా, పాపం ఇన్నేళ్ళ అలవాటు, పని లేకపోతే ఎట్లా అని దాని బెంగ, నీకేం పని ఉండది, హాయిగ ఇంట్ల కూసో, ఇన్నేండ్లు చేసిన కష్టం సాలు, అన్నాడు, ఎంతో ప్రేమగా అన్నాడు, ఆమె కంచం తీసుకుని లేచిపోయింది, అప్పటి నుంచి ఆ ఊసే లేదు, కూరలో ఉప్పు సరిగ్గానే ఉంటోంది, మానసకు జడ వేస్తోంది, వేళకు వచ్చి బల్ల మీద తన వైపు కూర్చుంటోంది, ఏమైనా అంటే గదా తనూ ఏదైనా అనేది, అనకుండా పంజాతో చెప్పడమేమిటి, అతనికి ఒళ్ళు మండింది, జర మెల్లగ కొట్టు, నీ దిక్కు బిగుసుకపోతాంది, అన్నాడు, ఎప్పటి లెక్కనే కొడుతాన, అందామె తలెత్తకుండానే, ఎప్పటి లెక్కనట, ఎదురుగా వంకర కనబడుతుంటే ఎప్పటి లెక్కనట.

ఎప్పటి లెక్క అంటే అసలు మొదట్లో ఆమెకు పంజా పట్టుకోవడమే రాదు, మరిపెడ దగ్గర వ్యవసాయం చేసుకునే ఇంటి పిల్ల, పత్తి ఏరిన చేతులు, మిరపకాయలు కోసిన చేతులు, అప్పటిదాకా అతని అమ్మ కూర్చునే ఎడమవైపు చోటులో కొత్త కోడలిని కూర్చోబెడితే ఆమె కొట్టిన దెబ్బకు పోగు వదులుగా వేలాడేది, అమ్మ వచ్చి చూసి వేలితో చూపించేది, ఇప్పు, మళ్ళ వెయ్యి, ఇప్పు, మళ్ళ వెయ్యి, పెళ్ళిపీటల మీది పసుపు ఇంకా పోని ఆ వేళ్ళకు ఎర్రనూలు రంగు అంటుకుని ఏది ఏదో తెలిసేది కాదు, ఒకసారి గోడవైపు తిరిగి ఏడ్చింది, అతను చూసీ చూడనట్టు మగ్గం తాళ్ళు బిగించుకుంటూ కూర్చున్నాడు, అప్పుడైనా ఎవరైనా ఆమెను అడిగారా, మరిపెడ వదిలి వస్తావా అని, అక్కడ నీకేం పని ఉంటుందో తెలుసా అని, ఎవరడుగుతారు, ఆడపిల్ల పెళ్ళి చేసుకుని రావడం ఊరు మారడం కిందికి రాదు ఎవరికీ, తర్వాత ఒక రోజు మొదటిసారి దర్రీ తిన్నగా దిగింది, మగ్గం నుంచి కోసి నేల మీద పరిచారు, నాలుగు మూలలూ నాలుగు మూలల్లాగే ఉన్నాయి, అమ్మ ఏమీ అనలేదు, అనలేదంటే బాగుందన్నట్టే, పద్మలత మాత్రం దాని మీద చెప్పులు విప్పి నడిచింది, ఈ చివర నుంచి ఆ చివరిదాకా, నడిచి వచ్చి చెవిలో, ఇగ ఈ ఇంట్ల నాకు జాగ దొరికింది, అంది, ఆ మాట ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో, అప్పుడు దానికి నవ్వాడు, ఇంత పెద్ద ఇల్లుంటే జాగ దొరకకపాయెనా అని ఎకసెక్కం చేశాడు, మొద్దు మనిషి.

లోపల కుక్కర్ కూత పెట్టింది, పద్మలత లేచి పోయింది, ఎడమవైపు బల్ల ఖాళీగా ఉంది, సరే, ఇదే సమయం అనుకున్నాడు భానుచందర్, రుజువు చూపిస్తాను, ఇది జంట దర్రీల ఆర్డరు, మొదటిది నేసి గూట్లో చుట్టి పెట్టారు, ఫోన్ రాకముందు నేసింది, దాన్ని తెచ్చి ఎర్రపట్టీకి ఎర్రపట్టీ సరిపెట్టి పక్కన పెడితే ఆమె ఎంత గట్టిగా కొడుతోందో ఆమెకే తెలుస్తుంది, అప్పుడేమంటుందో చూద్దాం, అని దాన్ని భుజాన వేసుకొచ్చి విప్పి, ఆమె వైపు అంచును మగ్గం మీది నేతకు ఆనించాడు, ఎరుపు, ఎరుపు మీద నలుపు, నలుపు మీద మళ్ళీ ఎరుపు, గీతకు గీత కలిసింది, వేలు పెట్టి తడిమాడు, కలిసింది, ఒక్క పోగు అటూ ఇటూ లేదు, ఎప్పటి లెక్కనే, అన్నది నిజం, ఇదేమిటని అదే దర్రీని తన వైపు అంచుకు జరిపాడు, కింది ఎరుపు కలిసింది, నలుపు కలవలేదు, పైకి పోయినకొద్దీ ఇంకా ఇంకా దూరం, నేతలోకి గోరు దిగుతోంది, దిగకూడదు, దర్రీలో గోరు దిగితే అది దర్రీ కాదు, అదంతా వదులు, ఇన్ని రోజులూ తను పంజా ఎత్తాడు, దించాడు, కొట్టలేదు, ఉత్తగా తాకించాడు, ఎప్పటి నుంచి, ఆ సాయంత్రం నుంచే, హాయిగ ఇంట్ల కూసో అన్న మర్నాటి నుంచే, పద్మలత కోపంతో వెనక్కి లాగడం లేదు, ఆమె ఉన్నచోటే ఉంది, తనే ముందుకు పోయాడు, చేతులు ఇక్కడ పెట్టి పోయాడు, కుర్చీలో కూర్చున్నాడు, మగ్గాల నడుమ తిరిగాడు, క్వార్టర్ తలుపు తీశాడు, అందులో ఆమెను ఎక్కడ కూర్చోబెట్టాలో మాత్రం ఒక్కసారీ చూడలేదు, సిగ్గేసింది, చెవులు వేడెక్కేంత సిగ్గేసింది, ఇన్ని రోజుల తర్వాత లోపల తగిలింది మొదట ఇదే.

పద్మలత చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది, పక్కన విప్పి ఉన్న మొదటి దర్రీనీ మగ్గాన్నీ చూసింది, నీ దిక్కు సక్కగనే ఉన్నది, నా దిక్కే వదులైంది, అన్నాడు, చూస్తనే ఉన్న, అంది, మరి చెప్పొద్దానే, అన్నాడు, నువ్వీడ ఉంటే గద చెప్పేది, అంది ఆమె, గొంతు పెంచలేదు, దెప్పినట్టు కూడా లేదు, వాన పడుతోంది అన్నట్టు అంది, అందుకే అతనికి ఎక్కువ తగిలింది, మానస అడిగినట్టు టోపీ అడిగినా బాగుండేది, పోనని మొండికేసినా బాగుండేది, ఆమె అడిగింది ఒక్కటే, అక్కడ నాకేం పని, దానికి తను చెప్పింది జవాబు కాదు, లేచి పొమ్మనడం, ఇన్నేళ్ళకు దొరికిన జాగ నుంచి లేచి పొమ్మనడం, మళ్ళ ఇప్పుదాం, అన్నాడు, నలుపు మొదట్ల దాంక ఇప్పుదాం, నాది ఇప్పితే నీ దిక్కు మంచిగున్నది సుత పోతది, అదే మనసుకు వస్తలేదు, పద్మలత అప్పటికే బల్ల మీద తన వైపు కూర్చుని పోగు చివర వెతుకుతోంది, పోతది మరి, పోగు ఒకటేనాయె, అంది.

కిటికీలో ఫోన్ మోగింది, రాంప్రసాద్ పేరు వెలిగింది, భానుచందర్ దాన్ని చూశాడు, ఇందాకటి దాకా రావడం రాకపోవడం రెండే జవాబులనుకున్నాడు, ఇప్పుడు చెప్పవలసింది మూడోది, అన్నా, మేం ఇద్దరం నేసేటోళ్ళం, ఇద్దరికి పనుంటే ఇద్దరం వస్తం, ఒక్కనికే అయితే నేను రాను, అంటాడు, రాంప్రసాద్ నవ్వుతాడు, భాభీకి నౌకరి ఏందిరా అంటాడు, సార్లను అడుగుత అనొచ్చు, అనకపోనూ వచ్చు, అది వాళ్ళ ఇష్టం, పానిపట్‌లో కాకులున్నా సరే, లేకున్నా సరే, ఫోన్ అందుకోబోయే ముందు అతను వేలికి దొరికిన పోగును వదిలిపెట్టలేదు, లాగాడు, వదులుగా ఉన్న తన వైపు నుంచి అది ఇట్టే వచ్చేసింది, సగం దాటాక ఆగిపోయింది, ఆమె గట్టిగా కొట్టి నిలబెట్టిన వైపు అది, అక్కడి నుంచి పద్మలత తన వేళ్ళతో విప్పితే తప్ప కదలదు, ఆమె విప్పడం మొదలుపెట్టింది, తీసుకుని పోవలసిన సామాన్లలో ఆమెనూ ఒకటిగా లెక్కేసుకున్నాడు గానీ, ఇన్నాళ్ళూ తను ఆమెను ఇక్కడే వదిలి ఒక్కడే వెళ్ళిపోయి ఉన్నాడని భానుచందర్‌కు అప్పుడు తెలిసింది.