ఖాళీ వదిలిన గీత

భావన కీబోర్డు మీదికి తల వాల్చి పడిపోతే, మేనేజరు ఫణీంద్ర ముందు ఆమె నాడి చూడలేదు. ఆమె ఫైలు ఎంతవరకు వచ్చిందో చూశాడు. పక్క కుర్చీలోంచి రజని అది కళ్లారా చూసింది. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

పంజాగుట్టలో మూడో అంతస్తు. అమెరికా డాక్టర్లు రికార్డు చేసి పంపిన మాటలు విని టైపు చేసే ఆఫీసు. ముప్పై ఒక్కమంది ఉద్యోగులు. నెల రోజులుగా టీతోపాటు ఒక తెల్ల మాత్ర ఇస్తున్నారు. వేసుకుంటే నిద్ర రాదు, ఆకలి తెలియదు, వేళ్లు పరిగెడతాయి. భావన మూడు రోజులు కుర్చీ వదలలేదు.

ఆ పనిలో ఒక నియమముంది. వినపడని మాటను ఊహించి రాయకూడదు. అక్కడ ఖాళీ గీత వదలాలి. భావన చివరి ఫైలులో ఒక్క ఖాళీ లేదు. వినపడనివన్నీ సొంతంగా అల్లేసింది, గుండెజబ్బు మందు మోతాదుతో సహా. రోజుకు పది ఖాళీలు వదిలే జాగ్రత్తపరురాలు ఆ పిల్ల! రజనికి భయం వేసింది.

భావన ఆస్పత్రిలో ఉండగానే ఫణీంద్ర ప్రకటించాడు. సోమవారం అందరూ ఒక కాగితం మీద సంతకం పెట్టాలట. ‘నా ఇష్టంతోనే మాత్ర వేసుకుంటున్నాను’ అని. పెట్టనివాళ్లకు పని లేదు.

ఆదివారం పొద్దున అమీర్‌పేటలో రజని గదిలో అందరూ చేరారు. లోపల చోటు చాలనివాళ్లు మెట్ల మీద కూర్చున్నారు. రజని తండ్రి ధర్మయ్య మూలన కుట్టుమిషను ఆపి వింటున్నాడు. ఆయన ఒకప్పుడు సిరిసిల్లలో చేతిమగ్గం నేతగాడు, ఇప్పుడు దర్జీ.

“ఆవేశపడకండి,” అన్నాడు ఏలూరు నుంచి వచ్చిన తారక్. “మనం వద్దంటే పక్క ఆఫీసువాళ్లు వేసుకుంటారు. రెట్టింపు పని చేస్తారు. ఇక మనమెక్కడ మిగులుతాం? బాబాయ్ గారూ, ఏమీ అనుకోకండి. మీరు మరమగ్గం వద్దన్నారు. ఏమైంది?”

ధర్మయ్య చేతిలోని గుడ్డ పక్కన పెట్టాడు.

“నిజమే బిడ్డా. మగ్గం పోయింది, ఊరు సుత పోయింది,” అన్నాడు ధర్మయ్య. “గని ఎట్ల వద్దన్నమో అడుగు. నేను మా ఇంట్ల వద్దన్న. పక్కింటి మొగిలయ్య ఆళ్లింట్ల వద్దన్నడు. అందరం ఒక్కకాడ నిలవడి అనలే. గదే మేం చేసిన తప్పు. అయినా మరమగ్గం బయటి మిషిను. ఈ గోలి నీ పెయ్యిల, నీ నెత్తుర్ల జొరవడ్తది.”

“అందరం వద్దంటే మాత్రం బతుకుతామా?” తారక్ వదల్లేదు.

“తెల్వదు అన్నా,” అంది రజని. “తెల్వనికాడ ఖాళీ వదులుడే గద మన పని. సంతకం కాడ సుత గదే చేద్దాం.”

సోమవారం ఫణీంద్ర చేతికి ముప్పై కాగితాలు వచ్చాయి. ఒక్కదాని మీదా సంతకం లేదు. తారక్ అయినా పెట్టి ఉంటాడని ఫణీంద్ర అతనిచ్చిన కాగితాన్ని ఆశగా తిప్పి చూశాడు పాపం. అదీ ఖాళీయే.

“సరే. మధ్యాహ్నానికల్లా ఈ పని అమీర్‌పేటలోని మన ఇంకో ఆఫీసుకు వెళ్లిపోతుంది. వాళ్లు సంతోషంగా వేసుకుంటున్నారు,” అని కాగితాలు విసిరేశాడు.

ముప్పైమందీ కాగితాలు ఏరుకుని అమీర్‌పేట దాకా నడిచారు. జావా కోర్సుల బ్యానర్ల కింద, బస్సుల హారన్ల మధ్య గొంతులు చించుకున్నారు. “మాత్ర వద్దు! మా ఒళ్లు మాదే!” ఆ ఆఫీసు వాళ్లు టీకి దిగి ఎగాదిగా చూశారు. కొందరు నవ్వారు. ఆ నవ్వు రజనికి లాఠీ కన్నా గట్టిగా తగిలింది. తారక్ అన్నదే నిజమా?

పోలీసు వ్యాను వచ్చింది. రజని రెక్క పట్టి లాగారు. సంతకం లేని తన కాగితాన్ని ఆమె, టీకి దిగినవాళ్లలో ఎదురుగా ఉన్న ఒక అమ్మాయికి అందించింది. ఎవరో ఏమో, పేరు కూడా తెలియదు. కళ్ల కింద నల్లటి చారలు.

ఆ అమ్మాయి చదివింది. “సంతకం పెట్టకపోతే ఉద్యోగం పోదా అక్కా?”

“పోతది,” అంది రజని వ్యాను మెట్టెక్కుతూ. “ఒక్కదానివే అయితే ఇయ్యాల్నే పోతది.”

ఆ అమ్మాయి గుప్పిట విప్పింది. అరచేతిలో తెల్ల మాత్ర చెమటకు తడిసి ఉంది. దాన్ని కిందపడేసి, మూసుకుంటున్న వ్యాను తలుపుకు అడ్డంగా చెయ్యి పెట్టింది.

“ఇంకా కాగితాలున్నాయా అక్కా? పైన నలభైమందిమి ఉన్నాం.”