వదల్లేని బంతి

ఇసుకలో ఆడే వాలీబాల్‌లో జట్టుకి ఇద్దరే. పక్కన బెంచీ మీద మూడో మనిషి ఉండదు. ఒకరు కూలబడితే రెండోవాళ్లు కూడా సంచీ సర్దుకోవలసిందే. చిన్నదాని మెడకు పడ్డ గుదిబండ అదే.

ఆ రెండో మనిషి సొంత అక్క. వల దగ్గర చేతులెత్తి నిలబడితే గోడే. వెనక పరుగులు పెట్టి బంతులు లేపడం చిన్నదాని పని. నేర్పేది అక్క మొగుడు. బావ అన్నాక మరదలిని ఆటపట్టించాలి గానీ, ఈయన బడి వయసు నుంచీ ఆట ఆడిస్తూనే ఉన్నాడు.

అక్కకి వయసు మీదపడుతోంది, ఆట మీద మాత్రం చావని మోజు. చిన్నదానికేమో భుజం అరిగిపోయింది. జడ వేసుకుందామన్నా చెయ్యి లేవదు. అక్కే వేసేది, వేస్తూ వచ్చే పోటీ గురించే మాట్లాడేది. "మానేస్తాను" అన్న మాట చిన్నదాని గొంతు దాకా వచ్చి అక్కడే ఆగిపోయేది. ఎక్కడికి వెళ్లినా అదే హోటల్ గది: దగ్గరికి జరిపిన రెండు మంచాలు, కార్లు ఆపే చోటు వైపు కిటికీ, ఎంత దులిపినా దుప్పట్లో ఇసుక. బాత్రూమ్ తలుపు గడియ పెట్టుకుంటే తప్ప ఆమెకంటూ చోటు లేదు. అక్కడా వదిలేవారు కాదు. "ఏమే, భుజానికి ఐసు పెట్టావా?" అని అక్క కేక.

ఆ ఏడాది చివరి అర్హత పోటీ వచ్చింది. ఓడితే ఆట మానేస్తానని అక్కే చెప్పింది. గెలిస్తే మరో ఏడాది. సరే, ఓడిపోదామని చిన్నది లోలోపలే నిశ్చయించుకుంది. భుజం సంగతి అందరికీ తెలుసు, ఎవరూ తప్పుపట్టరు.

అవతలివాళ్లూ ఆ భుజాన్ని కనిపెట్టి సర్వీసులన్నీ ఆమె మీదకే వేశారు. వాళ్లకి ఇంకొక్క పాయింటు చాలు. అప్పుడు బంతి వల దాటి ఆమెకు కాస్త ముందువైపు, మెల్లగా దిగుతోంది. ఊరికే నిలబడితే చాలు. కాళ్లు ఆమెను అడగలేదు. బోర్లా దూకింది. బంతి పిడికిలి మీద లేచింది. అక్క దాన్ని అటు కొట్టేసింది. ఆ ఊపులో తర్వాతి రెండు పాయింట్లూ వీళ్లవే, గెలుపూ వీళ్లదే. జనం ఈలలు వేస్తుంటే చిన్నది ఇసుకలోంచి తల ఎత్తలేదు. ఏడుస్తోంది. సంతోషమనుకున్నారు.

స్నానాల గదిలో పక్కపక్క కుళాయిల కింద ఇద్దరూ ఇసుక కడుక్కుంటున్నారు.

"అక్కా, ఆ బంతి వదిలేద్దామనుకున్నాను. ఓడిపోదామనే వచ్చాను. ఇంక నావల్ల కావట్లేదు."

అక్క కుళాయి కట్టేసింది.

"మరి వదల్లేదేం?"

చిన్నది మోచేతికి అంటిన ఇసుక రుద్దుకుంది.

"నోటితో ఎన్నైనా అంటావే. నీ కాళ్లు నా వైపే ఉన్నాయి." అక్క తువ్వాలు తీసి చెల్లెలి భుజం మీద కప్పింది. "ఈ ఒక్క ఏడాదీ లాగెయ్, బంగారం. తర్వాత నేనే అడగను."

పోయినేడూ ఈ మాటే అంది.

బయటి నుంచి బావ తలుపు బాదాడు. "వచ్చే పోటీకి రైలు టిక్కెట్లు దొరికాయర్రా! కిటికీ పక్క సీటు చిన్నదానికే!"

"సరే బావా," అంది చిన్నది.

మరుసటి నెల మరో తీరంలో, మొదటి సర్వీసు నేరుగా ఆమె మీదకే వచ్చింది. లేపింది.