కాళ్లకు నీళ్లు

సినిమాల్లో పిల్లలకు ఏడుపు సరిగ్గా సమయానికే వస్తుంది. తప్పిపోయిన తల్లి కనబడాలి, పిల్ల ఉరకాలి, ఇద్దరూ కావలించుకోవాలి, పాట రావాలి. కిష్టమ్మ దాన్ని నమ్మింది. పిచ్చిది, నమ్మక ఏం చేస్తుంది?

పాలు మరిచిన నాటినుంచి రేణుకను పెంచింది నాయనమ్మ నాగేంద్రమ్మ. కిష్టమ్మ పూనాలో మట్టిపని చేస్తూ ఏడాదికోసారి బిజినేపల్లికి వచ్చి, నాలుగు రోజులుండి పోయేది. ఈసారి పనికి తీసుకుపోయే మేస్త్రీతో తెగతెంపులు చేసుకునే వచ్చింది. బస్సు దిగి ఇంటికి రాగానే రేణుక చెంబుతో కాళ్లకు నీళ్లిచ్చింది. ఎంత బుద్ధిమంతురాలో నా బిడ్డ అని ఆ తల్లి మురిసిపోయింది.

"ఇంగ పోను బిడ్డా, నీ దగ్గర్నే ఉంట," అన్నది.

"మంచిది," అన్నది ఎనిమిదేండ్ల రేణుక. అంతే. దగ్గరికి రాలేదు, అమ్మా అని పిలవలేదు.

"తల్లీబిడ్డల సిన్మ ఆడుతుంది. చూస్తే బండరాయి గూడ కరుగుతదంట," అని పక్కింటామె చెబితే, ముగ్గురూ నాగర్‌కర్నూలుకు మ్యాట్నీకి పోయారు. అత్తాకోడళ్లు పిల్లను మధ్యలో కూర్చోబెట్టుకున్నారు.

తెరమీద పిల్లకు తల్లి దొరికింది. రేణుక వెక్కి వెక్కి ఏడ్చింది. కిష్టమ్మ చేతులు చాపింది. రేణుక అటు తిరిగి నాయనమ్మ కొంగులో ముఖం దాచుకుంది.

"మీ అమ్మ దిక్కు పోవే," అని నాగేంద్రమ్మ పిల్లను మెల్లగా తోసింది. పిల్ల ఇంకా గట్టిగా పట్టుకుంది.

హాలంతా ముక్కులు చీదుతుంటే కిష్టమ్మకు కన్ను చెమ్మగిల్లలేదు. ఎక్కువసేపు మడిచి కూర్చున్న కాలిలాగా లోపలంతా తిమ్మిరెక్కింది. చాపిన చేతులు ఒళ్లో పెట్టుకుని మిగతా సినిమా చూసింది.

ఆటోలో రేణుక నాయనమ్మతో ఒకటే ముచ్చట. "అవ్వా, ఆ పిల్లకు ఎంత సంబురమైందో గదా!"

ఇంటికొచ్చాక వాకిట్లో గోలెంలో నీళ్లు ముంచుకుని నాగేంద్రమ్మ కాళ్లు కడుక్కుంది. రేణుకా కడుక్కుంది. కిష్టమ్మ కూడా గోలెం మీదికి వంగింది.

"అయ్యో, నువ్వు ముంచుకోవద్దు! ఆగు, నేనిస్త." రేణుక లోపలికి ఉరికి చెంబు తెచ్చింది.

"ఎందుకు బిడ్డా?"

"ఇంటికొచ్చినోళ్లకు మనమే ఇయ్యాల. అవ్వ చెప్పింది."

కిష్టమ్మ చెంబు అందుకుని కాళ్లు కడుక్కుంది. నీళ్లు చల్లగా ఉన్నాయో వెచ్చగా ఉన్నాయో ఆమెకు తెలియలేదు.

"లోపలికి రా, కూసో," అన్నది రేణుక, ఎంతో మర్యాదగా.